పదును లేని ఆయుధాలు: తాయెత్తుల్లో సుత్తి, గొడ్డలి, చక్రం

డెన్మార్క్‌లోని లోలాండ్ దీవిలో, కోబెలేవ్ అనే చోట 2014లో ఒక చిన్న లాకెట్ బయటపడింది. మెటల్ డిటెక్టర్ పట్టుకుని పొలాలు గాలించే ఔత్సాహికుడొకరికి దొరికిందది. 10వ శతాబ్దంలో కంచుతో పోతపోసిన వస్తువు. పాతకాలపు స్కాండినేవియా వాసులైన నార్స్ ప్రజలకు ఉరుముల దేవుడైన థోర్ చేతిలోని సుత్తి, మ్యోల్నిర్, దాని ఆకారం. అంతవరకూ విశేషమేమీ లేదు. అలాంటివి ఉత్తర ఐరోపాలో వెయ్యి దాకా దొరికాయి. విశేషమంతా దాని మీద చెక్కిన రూన్ అక్షరాల్లో, అంటే వాళ్ళ పాత లిపిలో ఉంది. "ఇది సుత్తి" అని రాసి ఉంది, అంతే. చెక్కినవాడు ఒక అచ్చును వదిలేశాడు, ఒక అక్షరాన్ని తిరగేశాడు కూడా.

అంత చిన్న వాక్యం ఒక పాత తగువును తీర్చింది. ఈ రకం లాకెట్లు నిజంగా సుత్తులేనా అని పండితుల్లో చాలాకాలం అనుమానం ఉండేది. అనుమానించినవాళ్ళను తప్పుపట్టలేం. పిడి మరీ పొట్టి, తల రెండువైపులా ఒకే తీరు. అలాంటి సుత్తితో మేకు కొట్టడం కష్టం, శత్రువును కొట్టడం ఇంకా కష్టం. పైగా ఆ కాలపు నార్స్ యోధుడు యుద్ధానికి పట్టుకెళ్ళింది ఈటె, గొడ్డలి, డబ్బుంటే కత్తి. సుత్తి అతని ఆయుధం కాదు. అయినా మెడలో ఎక్కువగా వేలాడదీసుకున్నది సుత్తినే.

ఈ పద్ధతి నార్స్ వైకింగులకు మాత్రమే పరిమితం కాదు. లోకమంతటా తాయెత్తుల్లో, పూజాభరణాల్లో కనిపించే ఆయుధాలను వరసపెట్టి చూస్తే ఒక సంగతి మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది. మెడలోకి ఎక్కే ఆయుధం సాధారణంగా మనిషి వాడే ఆయుధం కాదు. అది దేవుడిదో, పూర్వీకుడిదో, వాడుకే పోయినదో అయి ఉంటుంది. కాబట్టి దాన్ని ధరించినవాడు "నా దగ్గర ఆయుధం ఉంది" అని చెప్పడం లేదు. "నా వెనుక ఎవరున్నారో చూసుకో" అంటున్నాడు. బొమ్మ ఆయుధానిదే అయినా, రక్షణ దాని సొంతదారు నుంచి వస్తుందని నమ్మకం. అంచు పదునుగా ఉందా, లోహం గట్టిదా అన్న ప్రశ్న ఇక్కడ పుట్టదు. బంగారంతో కత్తి చేయించడం యుద్ధరంగంలో పిచ్చితనం. మెడలో అదే సబబు.

థోర్ సుత్తి విషయంలో కథలే ఈ మాటకు సాక్ష్యం. 13వ శతాబ్దంలో ఐస్‌లాండ్‌లో స్నోరి స్టుర్లుసన్ రాసిపెట్టిన కథ ప్రకారం, మరుగుజ్జు కమ్మరులు సుత్తి చేస్తుండగా 'లోకి' అనే మాయావి దేవుడు ఈగ రూపంలో వచ్చి ఒకడి కనురెప్ప మీద కుట్టాడు, అందుకే పిడి పొట్టిదైపోయింది. ఆ లోపాన్ని లాకెట్లు చేసినవాళ్ళు దాచలేదు. అదే గుర్తింపు చిహ్నం అయింది. మరో పాత కవితలో రాక్షసుడు పెళ్ళికూతురిని పావనం చేయడానికి సుత్తిని తెచ్చి ఆమె ఒడిలో పెట్టమంటాడు. ఆ పెళ్ళికూతురు ముసుగులో ఉన్నది థోరే కాబట్టి తరవాత జరగాల్సిందే జరుగుతుంది, అది వేరే సంగతి. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ఆ సమాజానికి సుత్తి చంపే సాధనం ఎంతో, పెళ్ళిని దీవించే సాధనమూ అంతే.

డెన్మార్క్‌లోనే ట్రెండ్‌గార్డెన్‌లో దొరికిన సబ్బురాతి మూస ఒకటి మరీ ఆసక్తికరం. 10వ శతాబ్దానిదే. ఆ ఒక్క రాతిలోనే సుత్తి లాకెట్లకూ, క్రైస్తవ శిలువలకూ గుంతలు తొలిచారు. కొత్త మతం వస్తోంది, పాతది ఇంకా పోలేదు. కంసాలి ఎవరి పక్షమూ వహించకుండా ఇద్దరికీ సరుకు పోశాడు. మెడలో ఒకడికి శిలువ, ఒకడికి సుత్తి. శిలువ కూడా ఒక చంపే పరికరం తాలూకు బొమ్మే అని గుర్తుచేసుకుంటే ఆ మూస ఇంకాస్త లోతుగా కనిపిస్తుంది. ఆధునిక కాలంలో ఈ సుత్తి మళ్ళీ తిరిగివచ్చింది. అమెరికాలో సైనికుల సమాధి రాళ్ళ మీద చెక్కించుకోదగిన మత చిహ్నాల జాబితాలో 2013లో దీన్నీ చేర్చారు.

సుత్తి లాకెట్‌ను ఎలా వేలాడదీస్తారో కూడా చూడాలి. రింగు పిడి చివర ఉంటుంది, తల కిందికి వేలాడుతుంది. కత్తి లాకెట్లలోనూ చాలావాటిది ఇదే పద్ధతి: పిడి పైకి, మొన నేలకి. ఇది కంసాలి సౌకర్యం అని కొట్టిపారేయొచ్చు. కానీ ఫలితం మాత్రం అర్థవంతంగా ఉంటుంది. పిడి పైన ఉన్న ఆయుధం, పైనుంచి ఇంకెవరో పట్టుకున్నట్టు ఉంటుంది. ధరించినవాడి చేయి దాని దగ్గరికి పోవాల్సిన అవసరమే లేదు.

ఉరుముల దేవుళ్ళ ఆయుధాలకు ఒక చిత్రమైన పూర్వచరిత్ర ఉంది. కొత్తరాతియుగం మనుషులు నునుపుగా అరగదీసిన రాతి గొడ్డళ్ళు, చెకుముకి రాతి బాణపు మొనలు వేల ఏళ్ళ తరవాత పొలం దున్నేటప్పుడో, వాన కోతకో బయటపడేవి. అప్పటికి లోహం వాడుకలోకి వచ్చేసింది. రాతితో ఆయుధం చేసేవాళ్ళున్నారన్న జ్ఞాపకమే జనంలో చెరిగిపోయింది. అందుకని అవి పిడుగుతోపాటు ఆకాశం నుంచి పడ్డాయని ఐరోపాలో, ఆసియాలో, ఆఫ్రికాలో కూడా నమ్మారు. క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ, గొడ్డలి ఆకారంలో ఉండే అలాంటి రాళ్ళ గురించి రాస్తూ, నల్లగా గుండ్రంగా ఉండేవాటి సాయంతో నగరాలనూ నౌకాదళాలనూ జయించవచ్చన్న నమ్మకాన్ని నమోదు చేశాడు. స్కాట్లండ్‌లో చెకుముకి బాణపు మొనలను అదృశ్య జీవులు విసిరినవని అనుకుని, వెండి కట్టుతో బిగించి మెడలో వేసుకునేవారు. పశ్చిమ ఆఫ్రికాలో యోరుబా ప్రజలకు ఇవే రాళ్ళు ఉరుముల దేవుడు షాంగో విసిరిన పిడుగులు. అందుకే షాంగో భక్తుల చేతిలోని నాట్యదండం తలమీద జంట గొడ్డలి ఉంటుంది.

వాటికన్కు చెందిన వైద్యుడు మికేలే మెర్కాతి 16వ శతాబ్దంలోనే ఇవి మనుషులు చేసిన పనిముట్లని గుర్తించాడు. కానీ ఆయన పుస్తకం అచ్చయ్యేసరికి 1717 అయింది, ఆయన పోయి వందేళ్ళు దాటింది. 1723లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఆంత్వాన్ ద జుస్యూ వాటిని అమెరికా ఖండాల ప్రజలు అప్పటికీ వాడుతున్న రాతి పనిముట్లతో పోల్చి అదే మాట చెప్పాడు. శాస్త్రం తేల్చేసినా తాయెత్తులుగా వాటి వాడకం ఆగలేదు. 19వ శతాబ్దం చివర ఇటలీలోని పెరూజియాకు చెందిన జూసెప్పె బెల్లూచి సేకరించిన తాయెత్తుల్లో అలాంటి రాతి మొనలున్నాయి.

తాయెత్తు తర్కం ఇక్కడ చాలా స్పష్టంగా బయటపడుతుంది. ఆ బాణపు మొనను చెక్కినవాడికి అది మామూలు వేట సామాను. అది మహిమ గలదవ్వాలంటే ముందుగా దాన్ని చెక్కిన మనిషి చేయి జ్ఞాపకంలోంచి పోవాలి. మనిషి చేయి పోయిన ఖాళీలోకి దేవుడి చేయి వచ్చింది.

11, 12 శతాబ్దాల ప్రాచీన రష్యా ప్రాంతంలో దొరికే చిన్న కంచు గొడ్డలి లాకెట్లను ఈ వరసలోనే పెట్టి, స్లావుల ఉరుముల దేవుడు పెరూన్ గొడ్డళ్ళని పిలుస్తుంటారు. ఆ పేరు మీద ఇప్పుడు ఆన్‌లైన్‌లో కావలసినన్ని అమ్ముతున్నారు. పరిశోధకులందరూ దీన్ని ఒప్పుకోరు. అవి రాజుగారి దళంలో సభ్యత్వానికి గుర్తులని అనేవాళ్ళున్నారు, గొడ్డలి చిహ్నంగా గల నార్వే సాధువు ఓలాఫ్‌కు ముడిపెట్టేవాళ్ళూ ఉన్నారు. ఏది నిజమైనా ఆ గొడ్డలి ఎవరిదన్నదే అసలు ప్రశ్న అని మూడు వర్గాలూ ఒప్పుకుంటున్నట్టే.

క్రీట్ ద్వీపపు మినోవన్ నాగరికతలో జంట గొడ్డలి మరీ దూరం వెళ్ళింది. 1934లో స్పిరిడాన్ మారినాటోస్ అర్కలొహోరి గుహలో తవ్వినప్పుడు బంగారు జంట గొడ్డళ్ళు బయటపడ్డాయి. వాటిలో రేకు మందాన ఉన్నవి వేలితో వంచితే వంగేంత సున్నితం. మినోవన్ చిత్రాల్లో ఈ గొడ్డలి యోధుల పక్కన కాకుండా స్త్రీ దేవతల, పూజారిణుల పక్కన కనిపిస్తుంది. దీని ఆధునిక జీవితం ఇంకా విచిత్రం. గ్రీస్‌లో 1936 నుంచి 1941 వరకు నడిచిన మెటాక్సాస్ నియంతృత్వం తన యువజన సంస్థకు దీన్ని గుర్తుగా వాడుకుంది. 1970లలో స్త్రీవాద, లెస్బియన్ ఉద్యమాలు అదే గొడ్డలిని లాకెట్‌గా మెడలో వేసుకున్నాయి. ఒకే ఆకారాన్ని ఇద్దరు బద్ధవిరోధులు వాడుకోగలిగారంటే, అర్థం ఆకారంలో లేదని, ఎవరి ఆయుధంగా దాన్ని చూపిస్తున్నారన్నదానిలో ఉందని తెలుస్తూనే ఉంది.

భారత ఉపఖండంలో ఈ ఆలోచనకు బాగా పక్వమైన రూపం పంచాయుధాలు. విష్ణువు శంఖం, చక్రం, గద, ఖడ్గం, శార్ఙ్గమనే విల్లు చిన్న బొమ్మలుగా మారి పిల్లల మెడలోకి వస్తాయి. తమిళ దేశంలో దీన్ని ఐంబడైత్తాలి అంటారు, ప్రాచీన తమిళ సాహిత్యంలోనే ప్రస్తావనలున్నాయి. శ్రీలంకలో సింహళ బౌద్ధుల ఇళ్ళల్లోనూ పంచాయుధ పతకం పిల్లలకు కట్టే ఆభరణమే. మతం మారినా ఆయుధాలు మారలేదు.

ఈ అయిదింటిలో మొదటిది ఆయుధమే కాదు. శంఖంతో ఎవరినీ పొడవలేం, కొట్టలేం. అయినా దాన్ని ఆయుధాల్లో చేర్చడానికి కారణం భగవద్గీత మొదటి అధ్యాయంలో ఉంది. పాండవుల శంఖాల మోత కౌరవుల గుండెలను చీల్చిందని అక్కడి శ్లోకం అంటుంది; బాణాలింకా బయల్దేరనేలేదు. తాయెత్తు పని కూడా సరిగ్గా అదే. అది యుద్ధం మొదలయ్యాక కాకుండా మొదలవకముందే పని చేయాలి. కనిపించి, బెదిరించి, తిప్పిపంపాలి. ఆ లెక్కన పంచాయుధాల్లో తాయెత్తు స్వభావానికి అన్నింటికంటే దగ్గరగా ఉన్నది శంఖమే.

పంచాయుధ స్తోత్రంలో ప్రతి శ్లోకమూ ఆయుధాన్ని వర్ణించి, దాన్ని శరణు పొందుతున్నానని ముగుస్తుంది. చక్రానికి వెయ్యి అంచులనీ, కోటి సూర్యుల కాంతి అనీ చెప్పి, చివరికి భక్తుడు కోరేది మాత్రం ఆ చక్రాన్ని తన చేతికి ఇమ్మని కాదు, తనను దాని నీడలో ఉంచమని. ఆయుధం వాడుకునే వస్తువు అనే స్థితి దాటి ఆశ్రయం ఇచ్చే వ్యక్తి అయింది. గుప్తుల కాలం నాటి శిల్పాల్లో ఆయుధపురుషులు కనిపించడం దీనికి సరిపోతుంది. అక్కడ చక్రం పురుష రూపంలో, గద స్త్రీ రూపంలో విష్ణువు పక్కన నిలబడి ఉంటారు.

ఇవి ఎక్కువగా పిల్లలకే ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు కష్టం కాదు. ఏ ఆయుధాన్నీ ఎత్తలేనిది పసిబిడ్డే. ఎత్తాల్సిన అవసరం లేని ఆయుధం బిడ్డకే కావాలి. ఈ తర్కం రోమన్లకూ తెలుసు. ప్లాటస్ నాటకం 'రుడెన్స్'లో, చిన్నప్పుడు తప్పిపోయిన అమ్మాయి తన బొమ్మల పెట్టెలో ఏమున్నాయో చూడకుండానే చెప్పి తన పుట్టుక నిరూపించుకోవాలి. ఆమె ముందుగా చెప్పేది ఒక బుల్లి బంగారు కత్తి. దాని మీద ఏముంది అని అడిగితే తండ్రి పేరు అంటుంది. తరవాతది రెండంచుల బుల్లి గొడ్డలి, అదీ బంగారమే. దాని మీద తల్లి పేరు. ఆపైన చిన్న వెండి కొడవలి, ఇంకొన్ని వస్తువులు. రంగస్థలం మీద అది నవ్వుతో, కన్నీళ్ళతో నడిచే గుర్తింపు సన్నివేశం. తాయెత్తుల చరిత్రకు మాత్రం ఇంతకంటే సూటి సాక్ష్యం దొరకదు. కత్తి మీద తండ్రి పేరు, గొడ్డలి మీద తల్లి పేరు చెక్కించారంటే బిడ్డ మెడలో వేలాడింది ఆయుధాలు కావు, ఇద్దరు సొంతదారులు.

బౌద్ధంలో ఆయుధం ఇంకో మలుపు తిరుగుతుంది. ఋగ్వేదంలో ఇంద్రుడి వజ్రం వృత్రుణ్ణి చంపిన పిడుగు. వజ్రయానమనే బౌద్ధ శాఖ సంప్రదాయంలో చెప్పుకునే ఒక కథ ప్రకారం, బుద్ధుడు ఆ వజ్రాన్ని ఇంద్రుడి చేతి నుంచి తీసుకుని, విచ్చుకుని ఉన్న దాని కోరలను ఒకదానివైపు ఒకటి వంచి మూసేశాడు. టిబెట్‌లో దోర్జే పేరుతో చేతపట్టే, మెడలో వేసుకునే వజ్రానికి కోరలు లోపలికి ముడుచుకుని ఉంటాయి. ఆయుధాన్ని నిరాయుధం చేసి పవిత్రం చేయడం ఇంత కళ్ళకు కట్టినట్టు ఇంకెక్కడా కనిపించదు. టిబెటన్ల ఫుర్బా అనే మూడంచుల మేకు కత్తి మరో అడుగు ముందుకు వేస్తుంది. దాని మూడు ముఖాలూ దిగ్గొట్టేది అజ్ఞానం, రాగం, ద్వేషం అనే మూడు విషాలను. శత్రువు బయటి నుంచి లోపలికి మారాడు.

మురుగన్ (సుబ్రహ్మణ్యస్వామి) చేతి ఈటె అయిన వేలాయుధం కథలోనూ ఇలాంటి మెత్తదనం ఉంది. ఆ వేలాయుధం సూరపద్ముడనే అసురుణ్ణి చీల్చితే ఒక ముక్క నెమలి, రెండోది కోడి అవుతాయి. ఒకటి దేవుడి వాహనం, ఒకటి ఆయన జెండా మీది గుర్తు. తైపూసం పండుగనాడు మలేసియాలోని బటు గుహల దగ్గర భక్తులు చిన్న వేలాయుధాన్ని నాలుకకో, బుగ్గలకో గుచ్చుకుంటారు. ఆ కాసేపూ అది ఆభరణమే. కానీ మొన ధరించినవాడి ఒంట్లోకే దిగి ఉంటుంది.

హజ్రత్ అలీ ఖడ్గం జుల్ఫిఖార్ రెండుగా చీలిన మొనతో లాకెట్ల మీద, ఉంగరాల మీద, ఒట్టోమన్ జెండాల మీద కనిపిస్తుంది. నిజం కత్తికి అలాంటి మొన ఉంటే గుచ్చడానికి అడ్డమే. ఆ చీలికే గనక లేకపోతే అది ఎవరి కత్తో చూసినవాడికి తెలిసేది కాదు. చైనాలో ఎర్రదారంతో నాణేలను కుట్టి చేసే కత్తి ఇంకా విప్పి చెబుతుంది. దాన్ని పడక దగ్గర వేలాడదీస్తే దుష్టశక్తులు రావని నమ్మకం. గుండ్రటి నాణేలతో చేసిన కత్తికి అంచే ఉండదు, కానీ ప్రతి నాణెం మీదా చక్రవర్తి పాలనా బిరుదు ఉంటుంది. కోసేది ఇనుము కాదు, ఆ ముద్ర.

అయితే ఇనుముకే మహిమ ఉందని నమ్మే పాయ కూడా ఒకటుంది, దాన్ని ఈ లెక్కలో ఇమిడ్చేయడం న్యాయం కాదు. ఇనుముతో చుట్టూ గీత గీసినా, మొనగల ఆయుధాన్ని మూడుసార్లు చుట్టూ తిప్పినా పిల్లలకూ పెద్దలకూ చెడు మందుల బాధ తగలదని ప్లినీయే రాశాడు. యోరుబా దేవుడు ఓగున్ ఇనుముకు అధిపతి. ఆయన భక్తుల గొలుసులకు కత్తి, పార లాంటి బుల్లి ఇనుప సామాన్లు వేలాడతాయి, అవి బంగారంవైతే ప్రయోజనం లేదు. అక్కడ ఆకారం కంటే లోహమే ప్రధానం. రోమన్ పెళ్ళికూతురి పాపిట ఈటె మొనతో తీసే ఆచారం వీటన్నింటికంటే కరకు. చనిపోయిన గ్లాడియేటర్ ఒంట్లో దిగిన ఈటె అయితే మరీ మంచిదట. ఇక్కడ మాత్రం నిజంగా పని చేసిన, నెత్తురు చూసిన ఆయుధమే కావాలి. జపాన్ పెళ్ళికూతురు నడుముకు కట్టే పట్టీలో దోపుకునే కైకెన్ అనే చిన్న బాకు ఒకప్పుడు సమురాయ్ ఇంటి ఆడవాళ్ళు నిజంగా వాడినది. నేడు అది ముచ్చటైన గుడ్డ సంచిలో కుచ్చుతో వస్తుంది, చాలాసార్లు లోపల కత్తే ఉండదు.

ఈ సిద్ధాంతానికి గట్టి సవాలు సిక్కుల కిర్పాన్. 1699లో ఆనంద్‌పూర్‌లో గురు గోవింద్ సింగ్ ఖాల్సాను స్థాపించారు. ఖాల్సా సిక్కులు ధరించాల్సిన అయిదు గుర్తుల్లో కిర్పాన్ ఒకటి. ఇది దేవుడి ఆయుధానికి నమూనా కాదు. ధరించినవాడిదే, వాడి బాధ్యతే. అన్యాయాన్ని ఎదిరించాల్సింది తానేనని గుర్తుచేసే వస్తువు. మెడలో దారానికి బుల్లి కిర్పాన్ వేసుకునే సిక్కులున్నారు. అది చాలదనీ, కిర్పాన్ అంటే కత్తేగానీ బొమ్మ కాదనీ అనే సిక్కులూ ఉన్నారు. తాయెత్తుకూ ఆయుధానికీ మధ్య గీత ఎక్కడుందో నిజంగా తేల్చాల్సి వచ్చింది ఇక్కడే.

2001లో కెనడాలోని మాంట్రియల్ ప్రాంతంలో ఒక సిక్కు విద్యార్థి బట్టల కింద ధరించిన కిర్పాన్ బడి ఆవరణలో జారిపడింది. వ్యవహారం పై అధికారుల దాకా పోయాక, లాకెట్ రూపంలో ఉన్న కిర్పానో, హాని చేయని పదార్థంతో చేసినదో అయితే అభ్యంతరం లేదని బడి బోర్డు చెప్పింది. బోర్డు ఆలోచన సగటు తాయెత్తు ఆలోచనే: చిన్నదైనా, మొద్దుదైనా, అర్థం ఒకటే కదా అని. విద్యార్థి కుటుంబం ఒప్పుకోలేదు. లోహపు కత్తి కానిది తమ దృష్టిలో కిర్పానే కాదన్నది వాళ్ళ వాదన.

2006 మార్చిలో కెనడా సుప్రీంకోర్టు అసలు కిర్పాన్ మీద బోర్డు పెట్టిన నిషేధాన్ని కొట్టేసింది. కత్తెరలు, బేస్‌బాల్ బ్యాట్లు కూడా బడిలో ఉంటాయనీ, సిక్కు పిల్లలు కెనడా బడులకు వెళ్తున్న వందేళ్ళలో కిర్పాన్‌తో ముడిపడిన హింసాత్మక ఘటన ఒక్కటీ నమోదు కాలేదనీ గుర్తుచేసింది. కింది కోర్టు పెట్టిన షరతులను ఆమోదించింది. కిర్పాన్ బట్టల లోపల ఉండాలి. ఒర చెక్కదై ఉండాలి, లోహానిది కాకూడదు. ఒరతో సహా గట్టి గుడ్డలో చుట్టి కుట్టేయాలి. ఆ మూటను భుజానికి వేసుకునే పట్టీకి కలిపి కుట్టాలి. బడి బోర్డు కోరిన లాకెట్ ఆ షరతుల్లో లేదు.